రేగు పొదయు దాని బంధువర్గమును



రజతోత్సవ సభలలో మహాకవులను గూర్చియు, దేశసేవకులను గూర్చియు ప్రసంగములు జరుగుట పరిపాటి. ఈ ప్రసంగమునకు విషయము అంత గొప్పది కాదు. అది ప్రతి గ్రామపు పొలిమేరలో, చెరువుగట్టున, డొంక ప్రక్కన, బీటిభూమిలో తనంతట తాను మొలచు ఒక ముళ్లపొద. దాని పేరు రేగు. దానిని ఎరుగనివారు పల్లెలో ఉండరు. బాల్యమున దాని పండ్లు తిననివారును, దాని ముల్లు కాలిలో గ్రుచ్చుకొననివారును అరుదు. అయినను, దాని ఆకు ఎట్లుండునో చూడకుండ చెప్పుమనినచో పదిమందిలో ఇద్దరు కూడ సరిగా చెప్పజాలరు. ఎరిగిన వస్తువును పరికించి చూచుట మానవులకు తక్కువ.

ఇట్టి పొదను గూర్చి తెలిసికొనుటకు మరియొక కారణము గలదు. పొలముల గట్లు చదును చేయునపుడు మొట్టమొదట యంత్రమునకు బలియగునది రేగు. బీళ్లు సాగులోనికి వచ్చునపుడును, డొంకలు బాటలగునపుడును, ముళ్లకంచెకు బదులు ఇనుపతీగె వచ్చినపుడును పోవునది ఇదియే. ఎవరును నాటనిది కనుక ఎవరిదియు కాదనుకొని నరికివేయుదురు. నరుకుటకు ముందు అది ఏమిటో, దేనికి పనికివచ్చునో, దానిని నిలుపుకొనినచో లాభమెంతో, నష్టమెంతో తెలిసికొనుట రైతునకు అవసరము.

మొదట పేర్లను చూతము. తెలుగునాట రేగు అని ఒక్క పేరు చెప్పినను, అందు పెక్కు రకములు గలవు. వృక్షముగా పెరిగి పెద్ద పండ్లు కాయుదానిని గంగరేగు అందురు. మోకాలెత్తు మొదలు నిలువెత్తు వరకు పెరుగు పొద నేలరేగు. ప్రక్క చెట్లపైకి ప్రాకి నల్లని చిన్న పండ్లు కాయునది పరికి. కొన్ని తావుల దీనినే పరిమి అందురు. గట్టి కాయలు కాయు అడవిచెట్టు గొట్టి. సంస్కృతమున కర్కంధువు, బదరి, కోలి అను పేర్లు అమరకోశమునందు కలవు. హిందీవారు బేర్ అందురు. బదరికాశ్రమమునకును, బాదరాయణ నామమునకును మూలము ఈ బదరీశబ్దమే.

పాశ్చాత్య శాస్త్రజ్ఞులు ఈ మొక్కలను మొదట తమ దేశపు బక్‌థార్న్ అను ముళ్లపొదల జాతిలో చేర్చిరి. ఆ జాతికి రామ్నస్ అని పేరు. స్వీడను దేశీయుడగు లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథమున మన రేగును, పరికిని కూడ రామ్నస్ జాతి క్రిందనే వ్రాసెను. తరువాత ఫిలిప్ మిల్లర్ అను ఆంగ్ల ఉద్యానశాస్త్రజ్ఞుడు జిజిఫస్ అను ప్రత్యేక జాతిని వేరుచేసెను. రేగుకు ఇపుడు శాస్త్రజ్ఞులు వాడు జిజిఫస్ మారిషియానా అను పేరును 1789లో ఫ్రాన్సు దేశపు లమార్క్ పెట్టెను. జాతి వేరైనను కుటుంబము ఒక్కటియే. దానికి రామ్నేసీ అని పేరు. కావున సీమదేశపు బక్‌థార్న్ పొదయు, పొలిమేరలోని రేగుపొదయు దాయాదులనవచ్చును.

గ్రంథాలయములోని పాత వృక్షశాస్త్ర గ్రంథములు చదువువారు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. పాత పుస్తకములలో దేశీయ రేగును జిజిఫస్ జుజుబా అని వ్రాసినారు. నేడు ఆ పేరు చీనాదేశపు రేగునకు చెందుచున్నది. చీనావారు ఎండబెట్టి ఎర్రని ఖర్జూరమువలె తిను పండు అదియే. పేరొకటియై మొక్కలు రెండగుటచే పాత గ్రంథములోని గుణములను క్రొత్త గ్రంథములోని గుణములతో పోల్చునపుడు పొరపాటు పడు అవకాశము గలదు.

తెలుగు పేర్లు శాస్త్రగ్రంథములకు ఎక్కుటలో సామర్లకోటకు ఒక స్థానము గలదు. విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు తూర్పు ఇండియా కంపెనీ కొలువులో 1781 నుండి సామర్లకోటలో నివసించి, గోదావరి ప్రాంతపు మొక్కలను పరిశీలించి, వాని బొమ్మలు దేశీయ చిత్రకారులచేత వ్రాయించెను. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు తరలిపోయెను. ఆయన గ్రంథములలో మొక్కల శాస్త్రనామములకు ప్రక్కన తెలుగు పేర్లు కూడ కనిపించును. పల్లెలోని కాపులు, కోయలు, పసులకాపరులు చెప్పిన పేర్లే ఇట్లు పుస్తకములకెక్కినవి.

ఇక రేగు స్వరూపమును పరికింతము. పశువులు మేయు చోటను, తరచు నరుకు చోటను ఇది పొదగానే యుండును. మేకల నోటికి దొరకక, గొడ్డలికి అందక పెరిగినచో పది పన్నెండు మీటర్ల ఎత్తు చెట్టగును. బెరడు నల్లబారి నిలువునా పగుళ్లు పడియుండును. కొమ్మలు క్రిందికి వ్రాలుచుండును. లేతకొమ్మలపై తెల్లని నూగు ఉండును.

ఆకులు ఒకటి విడిచి ఒకటిగా కొమ్మకు ఇరువైపుల వచ్చును. ఆకు గుండ్రముగానో, కోలగానో యుండి, అంచున సన్నని రంపపు పండ్లు కలిగియుండును. పైభాగము నిగనిగలాడు పచ్చదనము. అడుగుభాగము తెల్లని నూగుతో దూదివలె మెత్తన. ఆకు మొదటినుండి మూడు ఈనెలు బయలుదేరి కొనవరకు సాగును. పైన పచ్చన, క్రింద తెల్లన, మూడు ఈనెలు: ఈ మూడు గుర్తులును ఉన్నచో అది రేగుజాతి అని చాలవరకు నిశ్చయింపవచ్చును.

ముళ్లు ఆకుతొడిమ మొదట పుట్టును. అనేక మొక్కలలో ఆ చోట రెండు చిన్న పుచ్ఛములవంటి ఆకులుండును. రేగులో అవియే ముళ్లుగా మారినవి. సాధారణముగా ముళ్లు జంటగా ఉండును. ఒకటి నిటారుగా ముందునకు పొడుచుకొనియుండగా, రెండవది గాలమువలె వెనుకకు వంగియుండును. మొదటిది గ్రుచ్చును, రెండవది పట్టుకొనును. రేగుకంపలో చిక్కిన పంచెను లాగినకొలది చినుగుటకు కారణమిదియే. వెనుకకు ఒక అడుగు వేసి కొమ్మను వదలించుకొనుట తెలిసినవారి పని.

పువ్వు కంటికి ఆనదు. ఆకుల మొదళ్లలో గుత్తులుగా, ఆకుపచ్చకు పసుపు కలిసిన రంగున, మినుపగింజంత పరిమాణమున పూయును. భూతద్దముతో చూచినచో అందు గొప్ప వింత కనిపించును. రక్షకపత్రములు ఐదు, నక్షత్రమువలె విచ్చుకొనును. ఆకర్షకపత్రములు ఐదు, చిన్న గరిటెలవలె ఉండును. కేసరములు ఐదు. చాల పువ్వులలో కేసరములు రేకుల సందులలో నుండును. రేగు కుటుంబములో మాత్రము ప్రతి కేసరమును ఒక్కొక్క రేకునకు ఎదురుగా నిలిచి, మొదట ఆ గరిటెలో దాగియుండును. ఈ ఒక్క లక్షణమే రేగును, సీమ బక్‌థార్నును ఒక కుటుంబమున చేర్చినది. పువ్వు నడుమ తేనె ఊరు పళ్లెము ఒకటి గలదు. తేనెటీగలు, ఈగలు, కందిరీగలు ఆ తేనెకై వచ్చి పుప్పొడిని ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చును. కొన్ని చెట్ల పువ్వులు ప్రొద్దున విచ్చుకొనును, కొన్నింటివి మధ్యాహ్నము విచ్చుకొనును. తన పుప్పొడితో తాను కాయని రకములు పెక్కు గలవు. ఒంటరిచెట్టు విరగబూసియు సరిగా కాయకుండుటకు ఇది యొక కారణము.

భాద్రపద ఆశ్వయుజ మాసములలో పూత, సంక్రాంతినాటికి పండు. కాయ మొదట పచ్చన, పిదప పసుపు, తుదకు ఎరుపో గోధుమరంగో అగును. నడుమ రాతివంటి టెంకయు, టెంకలో ఒకటి రెండు గింజలును ఉండును. అడవిరేగు పండు గచ్చకాయంత మించదు. తోటలలోని అంటురేగు నిమ్మకాయంత యగును.

రేగుబంధువులను గుర్తించుట కష్టము కాదు. నేలరేగు ఒకటి రెండు మీటర్లకు మించని గుబురుపొద. ఆకులు చిన్నవి, గుండ్రనివి, నూగుచే బూడిదరంగున కనిపించును. పండు చిన్నది, ఎర్రనిది, పులుపు ఎక్కువ. పరికి తనంత తాను నిలువలేక, వంకరముళ్ల సాయమున తోడి చెట్లపైకి ప్రాకును. దాని ఆకు రెండు సగములును సమానముగా ఉండవు. ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది. పండు బఠాణీగింజంత, నల్లన, నిగనిగలాడుచుండును. గొట్టి అడవులలో పెరుగు చెట్టు. దాని కాయ కొయ్యవలె గట్టిపడును కనుక మనుష్యులు తినుట తక్కువ, మేకలు తినును. ఆ కాయలును, బెరడును తోళ్లు ఊనుటకు, నల్లరంగు వేయుటకు పనికివచ్చును.

రేగు ఉనికి మిక్కిలి విశాలమైనది. పంజాబు, రాజస్థానముల ఎడారిభూములు మొదలు దక్షిణపు కొస వరకు ఇది కనిపించును. నల్లరేగడియందును, ఎర్ర గరపనేలయందును, చవుడు కొంత గలిగిన భూమియందును పెరుగును. సాగునీరు కోరదు. ఇంతటి ఓర్పు దానికి ఎట్లు కలిగెనో చూడవలసియున్నది. మొక్క చేరెడైనను ఎదుగకముందే తల్లివేరును లోతునకు దింపును. పైన కనిపించు మొక్కకంటె క్రింద నున్న వేరు పొడవుగా నుండును. ఎండలు ముదిరినపుడు ఆకులను రాల్చి చెట్టు నిద్రించును. తొలకరికి చిగిర్చి, వానల బలముతో కొమ్మలు సాచి, ఆ క్రొత్తకొమ్మలపైననే పూచి, నేల ఆరకముందే కాయలను పండించుకొనును. అనగా వానకాలపు తేమలోపల సంవత్సరపు పనియంతయు ముగించుకొని, కరవుకాలమున ఖర్చు లేకుండ కూర్చుండును. మెట్టరైతు చేయు వ్యవసాయమునకు ఇంతకంటె మంచి మాదిరి దొరకదు.

ఈ చెట్టునకును మానవునకును గల స్నేహము మిగుల పురాతనము. నేటి పాకిస్తానులోని మెహర్‌గఢ్ అను నవీన శిలాయుగపు గ్రామపు త్రవ్వకములలో రేగు ఆనవాళ్లు దొరికినవి. దక్కను పీఠభూమిలోని నవీన శిలాయుగపు నివాసస్థలములలో కూడ కాలిపోయిన రేగుటెంకల తునకలు లభించినవి. వరి ఈ ప్రాంతమునకు రాకమునుపే ఇచ్చటి జనులు రేగుపండ్లు తినిరనుట నిస్సంశయము.

మానవులు మాత్రమే కాదు. ఈ పొదను ఆశ్రయించి బ్రతుకు ప్రాణులు అనేకములు. పిగిలిపిట్టలు, గోరువంకలు పండ్లు తినును. నక్కలును, ఎలుగుబంట్లును పండ్లు మ్రింగి, దూరమున టెంకలను విడుచును. మేకలు పండ్లు తిని దొడ్డిలో నెమరువేయునపుడు టెంకలను ఉమ్మివేయును. ఎవరును నాటకయే గట్టుగట్టునను రేగు మొలచుటకు ఈ బాటసారులే కారకులు. గొంగళిదశలో రేగు ఆకులు తిని పెరుగు చిన్న నీలపు సీతాకోకచిలుకలు గలవు. ఆ గొంగళులు స్రవించు తీపికై చీమలు వానివెంట తిరుగుచు కాపలా కాయును. ముళ్ల నడుమ గూడు కట్టుకొనిన చిన్న పిట్టకు పిల్లి భయము లేదు. పూత కాలమున తేనెటీగలు సమృద్ధిగా చేరుటచే చుట్టుప్రక్కల పైరులకు కూడ ఉపకారము కలుగును.

ఇక ఉపయోగములు. పండు మొదటిది. రేగుపండులో సి విటమిను సమృద్ధిగా ఉండును. ఈ విషయమున ఖరీదైన ఆపిలుపండుకంటె అనేకరెట్లు మేలైనది. సంతలో ఆపిలు కొనలేని తల్లి, పొలమునుండి వచ్చుచు కొంగున కట్టితెచ్చు రేగుపండ్లవలన బిడ్డకు తక్కువ పోషణ జరుగుచున్నదని అనుకొనవలదు. చిన్నబిడ్డలకు మాత్రము టెంక తీసి పెట్టవలెను. గొంతున అడ్డుపడు ప్రమాదము గలదు. పండ్లను పచ్చిమిరపకాయలు, ఉప్పు, బెల్లము, జీలకఱ్ఱతో టెంక పగులకుండ మెల్లగా దంచి, బిళ్లలుగా తట్టి ఎండబెట్టినచో రేగువడియములగును. అవి సంవత్సరము నిలువయుండును. ఎండిన పండ్లను దంచి జల్లించి పిండిచేసి కరవుకాలమున ప్రాణము నిలుపుకొనిన కుటుంబములు మెట్టసీమలలో కొల్లలు.

పండుగలలో దీనికి స్థానము గలదు. భోగినాటి సాయంత్రము పసిపిల్లల తలపై పోయు భోగిపండ్లలో చెఱకుముక్కలు, పూలరేకులు, చిల్లరనాణెములు ఎన్ని కలిపినను ప్రధానము రేగుపండే. రథసప్తమినాడు జిల్లేడాకులతోబాటు రేగుపండును శిరమునందుంచుకొని స్నానము చేయుదురు. వినాయకచవితి పత్రిలోని ఇరువదియొక్క ఆకులలో బదరీపత్రము ఒకటి. శబరి రుచిచూచి శ్రీరామునకు పెట్టినవి రేగుపండ్లని లోకమున వాడుక. వాల్మీకి రామాయణమున శబరి అడవిలో దొరకు ఆహారమును సమకూర్చినదని మాత్రమే కలదు. ఎంగిలిపండ్ల వృత్తాంతము తరువాతి భక్తులు చేర్చినది. ఆ భక్తులు ఎన్నియో పండ్లుండగా రేగునే ఎన్నుకొనుటకు కారణము ఊహింపవచ్చును. నిరుపేదకు కొనకుండ దొరకునదియు, చెట్టుచెట్టునకు రుచి మారుటచే చవిచూచి ఏరవలసినదియు రేగుపండే గదా.

ఆకు మేకలకును గొఱ్ఱెలకును ప్రియమైన మేత. రాజస్థానమున నేలరేగు ఆకును ఎండబెట్టి పాలా అను పేర నిలువచేసి కరవునాటికి దాచుకొందురు. లక్కపురుగును పెంచుటకు మోదుగ, కుసుమ వృక్షములతోబాటు రేగు ముఖ్యమైన ఆధారము. దసలిపట్టు పురుగు ప్రధానముగా మద్ది ఆకు తినునదైనను, రేగాకును కూడ తినును. కలప గట్టిది, ఎర్రనిది. కాడి, నాగలిమేడి, మంచపుకోళ్లు, సుత్తిపిడులు దీనితో చేయుదురు. దీని బొగ్గు నిలుకడగా మండును. బెరడులో వగరు ఎక్కువగుటచే తోళ్లు ఊనుటకును, గ్రామవైద్యులు విరేచనములు కట్టుటకు కషాయముగను వాడుట కలదు. అయితే పసిబిడ్డలకు విరేచనములైనపుడు ఉప్పు పంచదార కలిపిన నీరు మొదట పట్టించి, వైద్యుని యొద్దకు తీసికొనిపోవుటయే క్షేమము. కషాయము నమ్మి కాలము గడుపరాదు.

కంచెగా దీని ఉపయోగము వేరుగా చెప్పవలెను. రేగుకంప నరికి చేనిచుట్టు వేసినచో పశువు తొంగిచూడదు. ఎండుకంప రెండేండ్లకు చివికిపోవును, ఏటేట నరుకవలెను. గట్టున బ్రతికియున్న పొదలనే నడుము ఎత్తున కత్తిరించుచు, సందులలో టెంకలు నాటుచు పోయినచో అది ఎన్నటికిని చివుకని కంచె యగును. దాని వేళ్లు గట్టుమట్టిని పట్టియుంచును.

ఇంతటి ఉపకారి పొలిమేరలనుండి ఏల తొలగుచున్నది? ఒక కారణము ముందే చెప్పబడినది. రెండవది మరియొక ముళ్లచెట్టు. అమెరికాఖండపు చెట్టగు సర్కారుతుమ్మను 1877లో కడప ప్రాంతమున కమలాపురము చెంత నాటిరి. వంటచెఱకు కొరతను తీర్చుటకై తెచ్చిన ఆ చెట్టు, ఆ పనిని చక్కగా చేసినది. దాని బొగ్గు కాల్చి బ్రతుకు నిరుపేద కుటుంబములు నేటికిని గలవు కనుక దానిని కేవలము నిందించుట న్యాయము కాదు. కాని దాని ఆకును పశువులు ముట్టవు. కాయలు మాత్రము తిని, విత్తులను ఊరూర చల్లును. దాని నీడన ఇతర మొక్కలు లేవలేవు. చెరువుగర్భములను, బీళ్లను అది ఆక్రమించినకొలది రేగు, పరికి, బలుసు, కలివె మున్నగు దేశీయపు పొదలకు చోటు తగ్గినది. ఒక ముళ్లచెట్టు పోయి మరియొక ముళ్లచెట్టు వచ్చినంతమాత్రమున లెక్క సరిపోదు. మొదటిది పండునిచ్చును, మేతనిచ్చును. రెండవది వంటచెఱకు నిచ్చును. ఏది ఎంత కావలెనో గ్రామము ఆలోచించుకొనవలెను.

రేగునందు దోషములు లేవనుటయు సత్యము కాదు. పొలము నడుమ మొలచినచో దుక్కికి అడ్డము. నరికినకొలది మోడునుండి పిలకలు వేయును. ఆస్ట్రేలియా ఉత్తరభాగమునకును, ఫిజీ ద్వీపములకును కొనిపోబడిన రేగు అచ్చటి పచ్చికబీళ్లను ఆక్రమించి, తొలగింపవలసిన కలుపుచెట్టుగా ప్రకటింపబడినది. సర్కారుతుమ్మ ఇక్కడ చేసినపనినే రేగు అక్కడ చేయుచున్నది. ఏ చెట్టునకైనను స్వస్థానమున శత్రువులును మిత్రులును ఉండి హద్దులో నుంతురు. దేశాంతరమున ఆ హద్దు తొలగును. ఇక పండునకు గల శత్రువులు పండుఈగయు, బూడిదతెగులును. పండుఈగ కాయలో గ్రుడ్డుపెట్టగా పురుగు లోపల తిని, నేలలో దిగి కోశస్థదశ గడపును. రాలిన పుచ్చుకాయలను ఏరి పూడ్చుటయు, వేసవిలో చెట్టుక్రింద నేల త్రవ్వి ఎండ తగులనిచ్చుటయు దీనికి సులభమైన మందు.

గట్టుననున్న అడవిరేగును నరికి పారవేయక, అంటుకట్టి ఫలవృక్షముగా మార్చుకొనుట ఎట్లో తెలిసినచో రైతు చేతిలోని గొడ్డలి ఆగును. ఉత్తరదేశమున ఉమ్రాన్, గోలా, సేబ్, కైథలి, బనారసి కడక అను పేర్లతో పేరొందిన రకములు గలవు. 1959లో జోధపురమున ఏర్పడిన కేంద్ర శుష్కప్రాంత పరిశోధనసంస్థ రేగు సాగును గూర్చి విశేషకృషి చేసినది. పద్ధతి ఇది: వేసవిలో అడవిరేగును మోకాలెత్తున కోయవలెను. తొలకరికి పిలకలు వచ్చును. నిటారుగానున్న రెండు మూడింటిని ఉంచి, మిగిలినవి తీసివేయవలెను. పిలక పెన్సిలులావు కాగానే, వానలు పడుచున్న దినములలో దాని బెరడుపై అడ్డముగా ఒకగాటు, నిలువుగా ఒకగాటు పెట్టి, మంచిరకపు చెట్టునుండి బెరడుతోసహా తీసిన కన్నును అందు చొప్పించి, కన్ను మాత్రము కనబడునట్లు పలుచని ప్లాస్టికు పట్టీతో కట్టవలెను. రెండు మూడు వారములలో కన్ను చిగిర్చును. అపుడు పైకొమ్మను కోసి, కట్టు విప్పవలెను. అంటుక్రింద పుట్టు పిలకలను ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను. ఉపేక్షించినచో అడవిరేగే తిరిగి గెలుచును.

గట్టున వేరు మొదటనే లోతునకు పోయియున్నది కనుక ఇట్టి అంటునకు నీరు పోయుపని మిక్కిలి తక్కువ. క్రొత్తగా నాటదలచినవారు టెంకలను ఉప్పునీట వేసి, తేలినవి పారవేసి, మునిగినవానిని వాడవలెను. టెంకను జాగ్రత్తగా పగులగొట్టి లోని గింజను నాటినచో వారముదినములకే మొలచును. టెంకతో నాటినచో నెలయైనను పట్టవచ్చును. తల్లివేరు త్వరగా సాగును గనుక మొక్కను లోతైన సంచిలో పెంచి, చిన్ననాడే పొలమున నాటవలెను. చెట్లకు నడుమ 6 మొదలు 8 మీటర్ల ఎడముండవలెను. ఒకేరకము గాక రెండు రకములు కలిపి నాటినచో పుప్పొడి మారి కాపు బాగుండును. క్రొత్తకొమ్మలపైననే కాపు గనుక, పండ్లు కోసినపిమ్మట చెట్టు ఆకురాల్చి యున్న వేసవిలో ఏటేట కొమ్మలు కత్తిరించుట మరువరాదు.

అయితే గట్టుననున్న ప్రతిపొదను అంటుకట్టుట కూడ యుక్తము కాదు. అంటుకన్నులన్నియు ఒకే తల్లిచెట్టు బిడ్డలు. ఒక తెగులు వచ్చినచో అన్నింటికిని వచ్చును. అడవిరేగులో చెట్టుచెట్టునకును గుణము వేరు. ఒకటి పురుగు పట్టనిది, ఒకటి చవుడునకు ఓర్చునది, ఒకటి ఆలస్యముగా పండునది, ఒకటి తేనెవంటి తీపిగలది. నేటి పెద్దపండ్ల రకములన్నియు పూర్వమెవరో చవిచూచి ఎంచి నిలిపిన అడవిచెట్ల సంతతియే. అట్టి చెట్టు ఈ గ్రామపు డొంకలో లేదని ఎవరు చెప్పగలరు? దానిని నరికినపిమ్మట తిరిగి తెచ్చుట ఏ ప్రభుత్వమునకును సాధ్యముకాదు.

ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన పని ఒకటి గలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయందును ఒక యాజమాన్య సంఘము ఏర్పడి, ఆ ఊరి చెట్టుచేమలను, పశుపక్ష్యాదులను, వానిని గూర్చి ప్రజలకు తెలిసిన విషయములను ఒక ప్రజాజీవవైవిధ్య పట్టికలో వ్రాయవలసియున్నది. కాగితముపై ఒక దస్త్రము ఏర్పడినంతనే పని ముగియదు. తీపిరేగు ఏ గట్టుననున్నదో పసులకాపరికి తెలియును. పరికిపండు ఏ వాగు ఒడ్డున ముందుగా నల్లబడునో కట్టెలకు పోవు స్త్రీలకు తెలియును. రేగువడియములలో ఏ పండు వేయవలెనో, ఏది వేయరాదో ముసలమ్మలకు తెలియును. అక్షరము నేర్చిన యువకులు వీరియొద్దకు పోయి, అడిగి, గ్రామపటముపై గుర్తుపెట్టి, చెప్పినవారి పేరుతోసహా వ్రాసి, ఒక ప్రతిని గ్రంథాలయమున ఉంచినచో, అది కొనితెచ్చిన ఏ పుస్తకమునందును దొరకని పుస్తకమగును. చెప్పువారు ఏటేట తగ్గుచున్నారు గనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు.

రానున్న సంక్రాంతికి పండ్లు పండును. గ్రంథాలయ బాలశాఖ పిల్లలు ఒకదినము పెద్దలను వెంటబెట్టుకొని పొలిమేర తిరిగి, ఆకు అడుగు తెల్లన, ఈనెలు మూడు అని గుర్తుపట్టి, పండు చవిచూచి, మంచిచెట్లకు ఒక గుడ్డపీలిక కట్టి లెక్క వ్రాసికొని వచ్చినచో పట్టికకు అదియే తొలిపుట. గట్టు చదును చేయించు రైతు ఆ పీలిక కట్టిన చెట్టువరకు వచ్చి యంత్రమును ఒక్కక్షణము ఆపించినచో ఈ ప్రసంగము సఫలమైనట్లే.